అందించని మాట

తెర లేచింది, ఇక నా వంతు వచ్చేదాకా ఒక గంట, తాత రెండో తలుపు దగ్గర ఎంతసేపు నిలబడతాడన్నదాన్ని బట్టి కాస్త అటూ ఇటూ, ఈ గంటసేపూ నేను చేయాల్సిందల్లా రంగస్థలం పక్కన ఈ మడత తెరల చాటున ఎత్తు పీట మీద కూర్చుని, నీలం కాగితం చుట్టిన బుల్లి దీపం కింద స్క్రిప్టు మీద వేలు జరుపుకుంటూ, ఎవరైనా డైలాగు మరిచిపోతే లోగొంతుతో మాట అందించడం, ప్రాంప్టర్ పని అంటే అంతే, ఏడాదిన్నరగా చేస్తున్నదే, చేయి తిరిగిన పనే, కానీ ఇవాళ వేలికి చెమట పట్టి కాగితానికి అతుక్కుంటోంది, ఎందుకంటే ఈ నాటకంలో చిట్టచివరి మాట నాది. నాది అంటే నేను అందించేది కాదు, ఈ పీట మీంచి లేచి, అదిగో ఆ నాలుగో తలుపు తీసుకుని, వెలుతుర్లోకి వెళ్ళి, హాలంతా వినేలా అనాల్సింది. "కాసేపు కూర్చోండి." రెండే మాటలు, రెండూ 'క'తోనే మొదలవుతాయి, అనాల్సిందేమో మాటలు నేర్చిన రోజునుంచీ నత్తి ఉన్న నేను. అంటే నా మైనర్ పూర్తవుతుంది, అనలేకపోతే లేదు. డిగ్రీలో అసలు సబ్జెక్టు పక్కన తోడుగా ఇంకోటి తీసుకోవాలి కదా, మైనర్ అని, అందులో నాటకం తీసుకున్నవాళ్ళు తెర వెనక ఎంత చాకిరీ చేసినా సరే, చదువయ్యేలోపు ఒక్కసారైనా వెలుతుర్లో నిలబడి ఒక్క వాక్యమైనా పలకాలని నియమం, ప్రతి సెమిస్టరూ ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంటూ వచ్చాను, ఒకసారి జలుబన్నాను, ఒకసారి ల్యాబ్ పరీక్షన్నాను, ఇది ఆఖరి సెమిస్టర్, ఆఖరి నాటకం, వంకల గంప ఖాళీ అయింది. వేరే కాలేజీనుంచి వచ్చిన ఎగ్జామినర్లు ఇద్దరు ముందు వరసలో స్క్రిప్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు మంచిదే పాపం, మొరాయిస్తుంది అంతే, లోపల నేనెంత వాగుడుకాయనో ఆ భగవంతుడికీ నాకూ మాత్రమే తెలుసు.

తాత మొదటి తలుపు కొట్టాడు. తాత అంటే తాత కాదు, ఫిజిక్స్ చదివే మా తోటివాడే, మీసాలు కూడా సరిగ్గా రాలేదు, అయినా మొదటి ఏడాదినుంచీ ముసలి వేషాలే కట్టబెట్టడంతో పౌడరు ఎన్నిసార్లు తలంటుకున్నా జుట్టులోంచి పోక పేరే తాత అయిపోయింది. నాటకంలో ఒక పెద్దాయన సాయంత్రం నడకకి బయల్దేరి తన ఇల్లేదో మరిచిపోతాడు, ఒక్కో తలుపే కొట్టుకుంటూ వస్తాడు, మొదటి ఇంట్లో చిరునామా అడుగుతారు, రెండో ఇంటావిడ ఎవరికైనా ఫోన్ చేద్దాం నంబరు చెప్పమంటుంది, మూడో ఇంటాయన ఈ వయసులో ఒంటరిగా తిరక్కూడదని బుద్ధులు చెబుతాడు, అందరూ మంచివాళ్ళే, అందరికీ తొందరే, నాలుగో తలుపు తీసిన అమ్మాయి మాత్రం ఏమీ అడగదు, కాసేపు కూర్చోండి అంటుంది, ఆయన కూర్చుంటాడు, దీపాలు ఆరిపోతాయి. నాటకం నేర్పే మా మేడమ్ ఈ స్క్రిప్టు నా చేతికిచ్చిన రోజే చెప్పింది, "కావాలంటే ఆ మాట మార్చి ఇస్తాను, 'రండి లోపలికి' అన్నా నాటకానికి లోటేం లేదు, ర నీకు బాగానే వస్తుందిగా" అని. నేనే తల అడ్డంగా ఊపాను. ఏ గాలి సోకిందో, ఏ గ్రహం ఎక్కడ తిరుగుతోందో, "వద్దండి, అదే ఉండనివ్వండి" అన్నాను. రండి లోపలికి అంటే మళ్ళీ అడుగుతారు కదా, పేరేంటి, ఊరేంటి, అని. కాసేపు కూర్చోండి అంటే ఇక అడిగేదేమీ లేదు, ఆయనకి గుర్తొచ్చేదాకా ఉండటమే. ఆ మాట నాకు నచ్చింది, నచ్చిన మాట పలకాలనిపించింది, కడుపు నిండినవాడి బేరంలా అప్పుడు ధైర్యంగానే ఉంది, ఇప్పుడు చూడు, పీట అంచు పట్టుకుని కూర్చున్నాను.

నాకు అక్షరాల్లో చుట్టాలున్నారు, పగవాళ్ళున్నారు. న, ర, స, ల, వీళ్ళు చుట్టాలు, పిలిస్తే పలుకుతారు. క, గ, ప, త, మ, వీళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి గొంతులో గడియ పడుతుంది, లోపల మాట తయారుగా నిలబడి ఉంటుంది, ముస్తాబై కూడా ఉంటుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. అందుకని చిన్నప్పటినుంచీ నాకొక విద్య అబ్బింది, పగవాడు ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరిగిపోవడం. ఏం చదువుతున్నావంటే కెమిస్ట్రీ అనలేక రసాయన శాస్త్రం అంటాను, ఇంటికొచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుని ఈ కాలంలో పిల్లకి ఎంత చక్కని తెలుగో అని మా అమ్మని మెచ్చుకుని పోతారు. పక్క సందు దొరకనప్పుడు మా అన్నయ్య ఉండనే ఉన్నాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, లిఫ్టులు బాగుచేసే పని, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి లాగడం వాడికి ఉద్యోగం రాకముందే అలవాటు, ఎందుకంటే నేను ఇరుక్కున్న ప్రతి మాట దగ్గరా వాడు చెయ్యి పెట్టి లాగేసేవాడు. దుకాణంలో, బస్సులో, ఫోన్లో, డాక్టరు దగ్గర, నేను మొదలుపెడతాను, వాడు పూర్తిచేస్తాడు. ఎంత బాగా పూర్తిచేస్తాడంటే ఒక్కోసారి నేను అనబోయినదానికంటే అదే బాగుండేది. ఒక్కోసారి మాత్రం, ఒకరోజు చలిగాలి కొడుతోందని కిటికీ మూయమందామని "క్... క్..." అంటూ ఉంటే "కాఫీ! కాఫీ కావాలంటోందమ్మా" అని వంటింట్లోకి ఒక్క పరుగు తీసి వేడివేడిగా గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు, వాడి మొహంలో ఆ వెలుగు చూసి కాదనబుద్ధి కాలేదు, తాగాను, ఆ రోజునుంచీ నాకు కాఫీ అంటే ప్రాణమని మా ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం, ఇప్పటికీ తాగుతూనే ఉన్నాను, చేదు. కిటికీ ఆ రోజు అలాగే తెరిచి ఉండిపోయింది.

అసలు ఈ మైనర్ ఎంచుకున్నదీ అలాగే కదా. ఎంచుకున్నానని ఎంత దర్జాగా అంటున్నానో. రెండో ఏడాది మొదట్లో ఆఫీసు కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డాను, అన్నయ్య ముందే చెప్పి పంపాడు, కంప్యూటర్స్ తీసుకోవే, ఉద్యోగానికి పనికొస్తుంది అని, నాకూ అదే సబబనిపించింది, వరసలో నిలబడ్డంతసేపూ లోపల వల్లెవేసుకుంటూనే ఉన్నాను కంప్యూటర్స్ కంప్యూటర్స్ కంప్యూటర్స్, లోపల ఎంత గడగడా వస్తుందో. నా వంతు వచ్చింది. గుమస్తా కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని తెర వైపే చూస్తూ "మైనర్ ఏదమ్మా?" అన్నాడు. గడియ పడింది. మెడ బిగిసింది, కన్ను కొట్టుకుంటోంది, ఆయన వేళ్ళు కీబోర్డు మీద లేచి నిలబడి ఉన్నాయి, "చెప్పమ్మా, వెనక ఎంతమంది ఉన్నారో చూడు." పక్క సందు కోసం వెతికాను, కంప్యూటర్స్‌కి ఇంకో పేరేముంది, ఉంటే మాత్రం అది అచ్చ తెలుగులో ఏ అక్షరంతో మొదలవుతుందో ఎవడికి తెలుసు, వెనకవాళ్ళ ఊపిరి నా మెడకి తగులుతోంది, కౌంటరు పక్కన గోడకి మైనర్ల పేర్లు అతికించి ఉన్నాయి, నా కళ్ళు ఆ పేర్ల మీద పైనుంచి కిందికి పరిగెత్తాయి, సబ్జెక్టు కోసం కాదు, నా నోటికి లొంగే మొదటి అక్షరం కోసం. "నాటకం" అన్నాను. ఎంత తేటగా వచ్చిందో ఆ మాట, వేదిక ఎక్కి పద్యం పాడినా అంత బాగా రాదు. గుమస్తా మొదటిసారి తలెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. "నాటకమా?" "నాటకమే." టకటకా కొట్టేశాడు. కావలసింది కాకుండా పలకగలిగింది ఇంటికి తెచ్చుకోవడం, ఈ పొరపాటు నత్తి ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు. సాయంత్రం ఇంట్లో చెబితే కుళాయి బిగిస్తున్న నాన్న స్పానరు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు, "నాటకమా తల్లీ, నీకా?" అమ్మకి నవ్వాగలేదు, పొట్ట పట్టుకుని నవ్వి, మరుక్షణం నా మొహం చూసి నాలిక్కరుచుకుంది. అన్నయ్య మాత్రం, "కంగారేం లేదు, మార్చుకోవచ్చంట, ఇంకా టైముంది, నేనొచ్చి చెబుతాలే" అన్నాడు. వాడొచ్చి చెప్పేస్తాడేమోనన్న భయంతోనే మర్నాడు నేను ఒక్కదాన్నీ వెళ్ళాను.

రెండో తలుపు. ఇంటావిడ వేషం వేసిన పిల్ల చేతులు తిప్పుతోంది, బాగానే చేస్తోంది, ఫోన్ దాకా వచ్చింది, వచ్చి ఆగింది. చేతులు చూడు, చేతులు ఆగిపోయాయి. నటిస్తూ ఆగిన మనిషికి చేతులు బతికే ఉంటాయి, మరిచిపోయి ఆగిన మనిషికి ముందు చేతులే చస్తాయి, కళ్ళు ఆ తర్వాత, ఇది ఏ పుస్తకంలోనూ లేదు, ఈ పీట మీద కూర్చుని నేర్చుకున్నది. "నంబరైనా" అన్నాను లోగొంతుతో, మొదటి మాట మాత్రమే, ఎప్పుడూ మొదటి మాట మాత్రమే, మిగతాది వాళ్ళ నోట్లోనే ఉంటుంది. "నంబరైనా గుర్తుందాండీ, పోనీ మీవాళ్ళ పేరు" అంటూ పిల్ల అందుకుంది, హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. న కాబట్టి వచ్చిందనుకునేరు, లోగొంతులో నాకు అన్ని అక్షరాలూ వస్తాయి, క వస్తుంది, ప వస్తుంది, గ వస్తుంది, నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి అంతేనట, గుసగుసలాడితే గడియ పడదట, ఈ సంగతి ఈ పీట ఎక్కేదాకా నాకే తెలియదు, ఎందుకంటే ఇంట్లో నాతో ఎవరూ గుసగుసలాడరు, నాకేదో వినపడదన్నట్టు అందరూ గట్టిగానే మాట్లాడతారు.

మార్చుకుంటానని చెప్పడానికే వెళ్ళాను ఆ మర్నాడు. నాటకం డిపార్టుమెంటంటే ఒక పొడుగాటి గది, ఒక గోడ పొడుగునా వేలాడే బట్టలు, గొడుగులు, కర్ర కత్తులు, ఒక సోఫా దానికి మూడే కాళ్ళు, ఆ సోఫాలో మేడమ్. ఆగు మేడమ్ అంటారు ఆవిణ్ణి వెనకాల, రిహార్సల్లో పది మాటలంటే అందులో ఆరు 'ఆగు' అనే ఉంటాయి కాబట్టి. జుట్టు ముగ్గుబుట్ట, చేతిలో ఎవరిదో పాత కోటు, దానికి గుండీ కుడుతోంది. నేను గుమ్మంలో నిలబడి 'మైనర్ మార్చుకోవడానికొచ్చాను' అని మొదలుపెట్టబోయాను, మ, పగవాడే, పెదాలు మూసుకున్నాయి, ఇక విడిపోవు. ఇప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది, అందరూ రెండే చేస్తారు, ఒకళ్ళు మాట పూర్తిచేస్తారు, ఇంకొకళ్ళు జాలిగా నవ్వి, మెల్లగా చెప్పమ్మా తొందరేం లేదు అంటారు, ఆ మాటతో ఉన్న తొందర రెట్టింపవుతుంది. ఆవిడ ఏదీ చేయలేదు. తల తిప్పుకోలేదు, కళ్ళార్పకుండా చూడనూ లేదు. సూదిలోకి దారం ఎక్కించింది, గుండీ పెట్టింది, కుట్టింది, మధ్యలో ఒకసారి నా వైపు చూసి, ఇంకా ఉన్నావా, సరే ఉండు, అన్నట్టు మళ్ళీ కోటులోకి తల దించింది. నాకోసం ఎవరైనా అంతసేపు ఊరికే ఉండటం అదే మొదటిసారి. గడియ దానంతటదే లేచింది. తీరా లేచాక నోట్లోంచి వచ్చింది నేను తెచ్చుకున్న వాక్యం కాదు, "నేనిక్కడ ఏం చేయాలి?" అని వచ్చింది. ఆవిడ దారం పళ్ళతో తెంపి, "ముందు ఈ కోటు ఆ కొక్కేనికి తగిలించు, రేపు రా" అంది. అంతే. తగిలించాను. తంతే బూరెల బుట్టలో పడటమంటే ఇదేనని అప్పుడు తెలియలేదు, తన్నిన కాలు నా నోటిదే కాబట్టి.

ఆ తర్వాత కొన్నాళ్ళు బట్టలు, కొన్నాళ్ళు దీపాలు, ల్యాబులో ఆసిడ్ మరకలు, ఇక్కడ రంగు మరకలు, అమ్మ నా దుస్తులు ఉతుకుతూ ఏది ఏ చదువు మరకో తేల్చుకోలేకపోయేది. ఒకరోజు ప్రాంప్టింగ్ చేసే పిల్ల రాలేదు, మేడమ్ స్క్రిప్టు నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది, నేను అభ్యంతరం చెప్పేలోపు రిహార్సల్ మొదలైంది, అసలు నా అభ్యంతరం ఎప్పుడు గడప దాటింది గనక. ఎవడో మరిచాడు. అందించాను. పగ అక్షరంతో మొదలయ్యే మాటే, గుసగుసగా, తడబాటు లేకుండా. పీట మీంచి పడబోయాను. ఆ పూటంతా ఎవరెవరి మాటలో నా నోట్లోంచి గలగలా వెళ్ళిపోతుంటే, పిచ్చిదానిలా, ఎప్పుడు మరుస్తారా అని ఎదురుచూశాను. అదే కొంప ముంచింది. మొదటి ప్రదర్శనలో తాత, ఏదో ముసలి తండ్రి వేషం, కొడుకు ఫోటో చేతిలోకి తీసుకుని ఆగాడు, ఆగుతాడని స్క్రిప్టులో రాసే ఉంది, నేను ఆ హుషారులో చూసుకోలేదు, టక్కున మాట అందించేశాను, ముందు రెండు వరసలకి వినపడింది, ఎవరో కిసుక్కున నవ్వారు. తెర దిగాక తాత పెట్టుడు మీసం ఊడబెరికి నా మీదికొచ్చాడు, "నేను మర్చిపోలేదు తల్లీ! ఆగాను! నా మౌనమంతా మింగేశావు కదే!" అని. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఏడుపులో నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ క్షణాన నేను అచ్చం మా అన్నయ్యని. వాడూ అంతే, ప్రేమ ఎక్కువై, నేను ఆగితే చాలు మరిచిపోయాననుకుంటాడు. మేడమ్ కేకలేయలేదు, పక్కన కూర్చుని, "మాట అందించడం ఎవరైనా చేస్తారమ్మా, అందించకుండా ఉండటం నేర్చుకో, అదే ఈ పీట చదువు" అంది. నేర్చుకున్నాను. చేతులు చూడటం, మెడ చూడటం, ఊపిరి వినడం, ఇది వెతుకులాటా, ఇది మరుపా, ఇది ఊరికే ఉండటమా అని. ల్యాబులో చుక్క చుక్కా వదులుతూ రంగు మారే ఘడియ కోసం కాచుకోవడం నాకు ముందే వచ్చు కదా, ఒక్క చుక్క ముందు కాదు, ఒక్క చుక్క వెనక కాదు, అదీ ఇదీ ఒకటే చదువనిపించేది ఒక్కోరోజు.

మూడో తలుపు. బుద్ధులు చెప్పే ఆయన గొంతు సవరించుకున్నాడు, ఆయన ఎప్పుడూ మరవడు, మరిచినా సొంతంగా ఇంకో నాలుగు బుద్ధులు కలిపి లాక్కొచ్చేస్తాడు, కాబట్టి నేను తెర సందులోంచి హాలు వైపు చూడొచ్చు. మూడో వరస. నాన్న ఇస్త్రీ చొక్కా, అమ్మ పక్కన చేతిసంచి, ఆ పక్కన అన్నయ్య, పనిలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, యూనిఫాం మీదే ఉన్నాడు, ముందుకి వంగి కూర్చున్నాడు, మోచేతులు మోకాళ్ళ మీద, ఏదైనా ఇరుక్కుంటే దూకడానికి సిద్ధంగా. పొద్దున అడిగాడు, "నీ డైలాగేంటే? నాకు చెప్పవే, ఒక్కసారి" అని. చెప్పలేదు. చెబితే వాడికి తెలిసిపోతుంది, తెలిస్తే అందించేస్తాడు, వాడు కావాలని చేయడు, తుమ్ము ఆపుకోగలమా, అలాగే వాడికి నా మాట కూడా ఆగదు. తీరా ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది, తెలియకపోతే మాత్రం ఊరుకుంటాడా, నేనక్కడ నిలబడి "క్... క్..." అనగానే, నిండు హాల్లో, ఎగ్జామినర్ల వెనక, "కాఫీ!" అని అరిచాడంటే? పెద్దాయన నాలుగో తలుపు కొడితే కాఫీ! నవ్వొస్తోంది, పీట కిర్రుమంటోంది, నవ్వకూడదు, కానీ నవ్వొస్తోంది. ఒరే అన్నయ్యా, నువ్వు లేకపోతే నేను బడి గేటు కూడా దాటేదాన్ని కాదురా, నాకెదురుగా నన్ను వెక్కిరించినవాణ్ణి చితక్కొట్టి చొక్కా చింపుకుని వచ్చి అమ్మ చేత తన్నులు తిన్నావు, నీ నోరు అరువిచ్చి ఇంతదాన్ని చేశావు, నీ మీద నాకు కోపం ఎక్కడుంది, ఈ రెండు మాటలు మాత్రం నాకు వదిలెయ్యి, చాలు. వాడికి ఇది ఎలా చెప్పాలి, చెప్పాలంటే ముందు మాట రావాలి, వచ్చేలోపు వాడే చెప్పేస్తాడు.

ఎంతమందికి దణ్ణం పెట్టాలో ఇవాళ. ఆ గుమస్తాకి పెట్టాలి, "ఇంకోసారి ఆలోచించుకోమ్మా" అని ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది, ఆలోచించనివ్వలేదు మహానుభావుడు. వెనక నిలబడి నా మెడ మీద ఊపిరి వదిలినవాడెవడో వాడికి పెట్టాలి. తాతకి పెట్టాలి, తిట్టినవాడే నిన్న రిహార్సల్ అయ్యాక నా దగ్గరకొచ్చి చేతికర్ర తిప్పుతూ, "చూడు, నువ్వు అనేదాకా నేను కూర్చోను. కాళ్ళు పడిపోయినా సరే కూర్చోను. తీరిగ్గా అను" అన్నాడు, వాడు ఊరికే కూర్చుంటే చాలు, దీపాలు ఆర్పేస్తారు, నేను అన్నానో లేదో ఎవరికీ పట్టదు, జనం చప్పట్లు కొట్టేస్తారు, వాడు ఆ సందు మూసేశాడు, పక్క సందులన్నీ తెలిసిన నాకు ఆ సందు కూడా లేకుండా చేశాడు, మేలు చేశాడు. అన్నిటికంటే ముందు 'క'కి పెట్టాలేమో. అది మొరాయించకపోతే నేనీ గదికి వచ్చేదాన్నా, మేడమ్ గుండీ కుట్టడం చూసేదాన్నా, మనిషి ఊరికే ఆగడానికీ మరిచి ఆగడానికీ మధ్య ఇంత తేడా ఉందని తెలిసేదా నాకు. పగవాడు పగవాడని ఇన్నేళ్ళు తిట్టుకున్నాను, చేయి పట్టుకుని ఇక్కడిదాకా తెచ్చి దింపింది వాడే.

భుజం మీద చెయ్యి. మేడమ్. లేవమని. నేను లేచాను, స్క్రిప్టు ఆవిడ చేతిలో పెట్టబోయాను, ఇక ప్రాంప్టర్ సీట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా, ఆవిడ ఆ పీట ఎక్కలేదు. నా చేతిలోంచి స్క్రిప్టు తీసి మూసి పీట మీద బోర్లా పెట్టి, నీలం దీపం ఆర్పేసింది. "నీకు అందించేవాళ్ళు ఎవరూ ఉండరు. సరేనా?" అంది. సరేనన్నాను, స చుట్టమే కాబట్టి వెంటనే వచ్చింది. చీకట్లో తడుముకుంటూ నాలుగో తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అట్ట తలుపు, వెనక్కి వంగిన చెక్క చట్రం, మేకులు, పచ్చి రంగు వాసన, దీనికి రంగు వేసింది నేనే, గడియ బిగించింది కూడా నేనే, అవతల కర్ర చప్పుడు దగ్గరికొస్తోంది, టక్, టక్, వచ్చి ఆగింది, తాత తలుపు కొట్టాడు, కొట్టినప్పుడల్లా చట్రం నా నుదుటికి తగులుతోంది, గడియ లాగాను, ఇది లేచింది, ఈ గడియ నా మాట వింటుంది, తలుపు తీశాను.

వెలుతురు. ఇంత వేడిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. తాత నా ఎదురుగా, పౌడరు జుట్టు, కర్ర మీద వణికే చెయ్యి, వెనక కుర్చీ, తాత కళ్ళు నా కళ్ళల్లోకి చూస్తున్నాయి, ఇప్పుడు, అను, గడియ పడింది. క దగ్గరే. నాలుక వెనక భాగం పైకి వెళ్ళి అంటుకుపోయింది, మెడ బిగిసింది, కన్ను కొట్టుకుంటోంది, పక్క సందులో 'రండి' తయారుగా నిలబడి ఉంది, ర, చుట్టం, నవ్వుతూ చెయ్యూపుతోంది, ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు, రండి, ఎంత హాయి, ఎవరూ ఏమీ అనరు, మేడమే ఇస్తానంది కదా, పుట్టినప్పటినుంచీ ఆ సందులోనే నడిచాను కదా, కౌంటరు దగ్గర కూడా. వద్దు. నువ్వుండు, ఇవాళ నువ్వు కాదు. తాత కూర్చోలేదు. కర్ర మీద బరువంతా వేసి నిలబడ్డాడు, చేతులు బతికే ఉన్నాయి, వాడు కాచుకుంటున్నాడు. మడత తెరల చాటున చీకటి, పీట ఖాళీ, ఏ గుసగుసా రాలేదు. దగ్గు కూడా లేదు ఎక్కడా, నేను నటిస్తున్నాననుకుంటున్నారో ఏమో, ఆలోచిస్తున్న పిల్ల అనుకుంటున్నారో ఏమో, నా కళ్ళు వాటంతటవే మూడో వరసకి వెళ్ళాయి. వద్దనుకుంటూనే వెళ్ళాయి. అన్నయ్య లేచి నిలబడి ఉన్నాడు. వెనకవాళ్ళకి అడ్డంగా, యూనిఫాంలో, అంత మనిషి, రెండు చేతులూ తన నోటి మీద అదిమిపెట్టుకుని, ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి, కళ్ళు రెండూ పెద్దవి చేసుకుని, మాట బయటికి రాకుండా తన నోరు తనే మూసుకుని నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారు వాడికి. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. వాడికే తెలిసింది.

"క... క... కా..." అన్నాను, నవ్వుతూ అన్నాను, కళ్ళు మసకబారాయి, తొందరేం లేదు, నిజంగానే లేదు, "క... కాసేపు," మళ్ళీ ఆగింది, ఆగనీ, అది నా ఆగడమే, "క... కూర్చోండి."

తాత కూర్చున్నాడు.

దీపాలు ఆరిపోయాయి. చప్పట్లు మొదలయ్యేలోపు, ఆ చీకట్లో, మూడో వరసలోంచి మా అన్నయ్య అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది.